మతాన్ని వదిలిపెట్టని లౌకికవాదం: కెమలిజం లోపలి కథ

టర్కీ రిపబ్లిక్ పునాది సిద్ధాంతం పేరు కెమలిజం. విచిత్రమేమిటంటే దానికి మూలగ్రంథం అంటూ ఏదీ లేదు. ఎవరో మేధావి కూర్చుని సిద్ధాంతం రాస్తే, దాన్ని పట్టుకుని కొందరు దేశం కట్టిన వరస కాదు ఇది. ముందు స్వాతంత్ర్య యుద్ధం గెలిచారు. సుల్తానును సాగనంపారు. చట్టాలు మార్చారు, లిపి మార్చారు, చివరికి నెత్తిమీద టోపీలు కూడా మార్చారు. చాలావరకు అయిపోయాక, 1931లో పార్టీ మహాసభలో ఇంతకాలం చేసినదాన్ని ఆరు మాటల్లో రాసుకున్నారు: గణతంత్రవాదం, జాతీయవాదం, ప్రజావాదం, ఆర్థిక రంగంలో ప్రభుత్వ పెత్తనం, లౌకికవాదం, సంస్కరణవాదం. రిపబ్లిక్ స్థాపకుడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్ పెట్టిన రిపబ్లికన్ పీపుల్స్ పార్టీ జెండా మీద కనిపించే ఆరు బాణాలు ఇవే. 1937 ఫిబ్రవరిలో ఈ ఆరింటినీ ఏకంగా రాజ్యాంగంలో చేర్చేశారు. పార్టీ మేనిఫెస్టో ఏది, దేశ రాజ్యాంగం ఏది అన్న తేడా అప్పటికి మిగల్లేదు.

మూలగ్రంథానికి దగ్గరగా వచ్చేది ఏదైనా ఉందంటే అది ఒక ప్రసంగం. 1927 అక్టోబరులో ముస్తఫా కెమాల్ పార్టీ మహాసభలో ఆరు రోజుల పాటు, మొత్తం 36 గంటలు మాట్లాడారు. 1919 మే 19న సాంసున్ రేవులో దిగాను అంటూ మొదలవుతుంది. అందులో సిద్ధాంతం తక్కువ, జరిగిన చరిత్ర ఎక్కువ. అదీ ఆయన వైపు నుంచి చెప్పిన చరిత్ర. యుద్ధంలో పక్కనే నిలబడి, తర్వాత విభేదించిన రవూఫ్ బే, కాజిం కారాబెకిర్ లాంటివాళ్లు అందులో దాదాపు దోషులుగా నిలబడతారు. టర్కీ పిల్లలు తరతరాలుగా చదువుకున్న చరిత్ర దీని నీడలోనే నడిచింది.

ఆరు బాణాల్లో నాలుగింటికి ఇప్పుడు పెద్దగా పదును లేదు. సుల్తాను తిరిగి రావాలని ఎవరూ అడగడం లేదు. ప్రభుత్వ ఫ్యాక్టరీల రోజులు పోయాయి. గొడవంతా లౌకికవాదం, జాతీయవాదం దగ్గరే. అందులోనూ లౌకికవాదం గురించి బయటివాళ్లకు ఒక అపోహ ఉంది. అతాతుర్క్ మతాన్ని రాజ్యం నుంచి విడదీశాడు అని మనం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. అసలు జరిగింది వేరు.

ఒకే రోజు మూడు చట్టాలు

1924 మార్చి 3న అంకారాలోని జాతీయ అసెంబ్లీ మూడు చట్టాలు చేసింది. ఒకటి ఖలీఫా పదవిని రద్దు చేసి, ఉస్మానియా రాజవంశం మొత్తాన్ని దేశం నుంచి బహిష్కరించింది. ఇంకొకటి మదర్సాలతో సహా చదువులన్నిటినీ విద్యాశాఖ కిందికి తెచ్చింది. మూడోది షరియా, వక్ఫుల మంత్రిత్వ శాఖను ఎత్తేసింది. బయటి ప్రపంచం మొదటి చట్టం చూసి నోరు వెళ్లబెట్టింది. నా దృష్టిలో అసలు కిటుకు మూడో చట్టంలో ఉంది. మంత్రిత్వ శాఖను ఎత్తేస్తూనే దాని స్థానంలో మత వ్యవహారాల సంస్థను పెట్టింది. టర్కీ జనం దాన్ని దియానెత్ అంటారు. మొదట ప్రధానమంత్రి కింద, 2018 నుంచి అధ్యక్షుడి కింద పనిచేసే ప్రభుత్వ సంస్థ అది. మసీదులు దానివి, ఇమాములు దాని ఉద్యోగులు.

అంటే మతాన్ని రాజ్యం నుంచి పంపించెయ్యలేదు, జీతం ఇచ్చి ఉద్యోగంలో పెట్టుకున్నారు. మనకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు, మన దగ్గరా దేవాదాయ శాఖ ఉందిగా అనుకోవచ్చు. కానీ మన దేవాదాయ శాఖ హుండీ లెక్కలు, భూముల కౌళ్లు, ఈవోల బదిలీలు చూసుకుంటుంది. అర్చకుడు భక్తులకు ఏం చెప్పాలో రాసి పంపదు. దియానెత్ రాసి పంపుతుంది. శుక్రవారం ప్రసంగం పాఠం ఆ సంస్థ నుంచే వస్తుంది. దేశంలోని 80 వేలకు పైగా మసీదుల్లో దాన్నే చదువుతారు.

ఎందుకిలా చేశారు? మతాన్ని స్వేచ్ఛగా వదిలేస్తే అది సూఫీ మఠాల చేతుల్లోకీ, ఊరి షేక్‌ల చేతుల్లోకీ పోతుందనీ, రేపు రిపబ్లిక్ మీదకే తిరగబడుతుందనీ వాళ్ల భయం. భయం ఉత్తిది కాదని ఏడాదిలోనే తేలింది. 1925 ఫిబ్రవరిలో తూర్పున షేక్ సయీద్ తిరుగుబాటు లేచింది. అందులో ఖిలాఫత్ పోయిన కోపమూ ఉంది, కుర్దుల ఆగ్రహమూ ఉంది. మార్చిలో శాంతిభద్రతల చట్టం వచ్చింది. జూన్‌లో ప్రతిపక్ష పార్టీ మూతపడింది. నవంబరులో దర్గాలు, మఠాలు అన్నిటికీ తాళాలు పడ్డాయి. ముస్లింలకు బహిరంగంగా మిగిలిన మతం ఒక్కటే: ప్రభుత్వం అనుమతించిన సున్నీ ఇస్లాం.

ఖలీఫా హైదరాబాద్ బంధుత్వం

ఈ కథలో మనకూ చుట్టరికం ఉంది. ఖిలాఫత్‌ను కాపాడాలంటూ 1919 నుంచి భారత ముస్లింలు పెద్ద ఉద్యమం చేశారు. గాంధీ, అలీ సోదరులు చెయ్యి కలిపారు. ఊరూరా చందాలు పోగుచేసి అంకారాకు పంపారు. ఖలీఫా పదవి కోసం పంపిన ఆ డబ్బులో మిగిలినదాన్ని ముస్తఫా కెమాల్ 1924 ఆగస్టులో ఈష్ బ్యాంకు పెట్టడానికి వాడారు. అప్పటికి ఖలీఫా పదవే లేదు. ఆయన వాటాను తర్వాత తన పార్టీకి రాసిచ్చారు. ఇవాళ్టికీ టర్కీలోని పెద్ద బ్యాంకుల్లో అదొకటి, ఆ పార్టీ వాటా మీద ఇప్పటికీ రాజకీయ తగాదా నడుస్తోంది.

పదవి రద్దుకు తక్షణ కారణాల్లో ఒకటి కూడా భారత్ వైపు నుంచే వెళ్లింది. ఖలీఫా హోదాను కాపాడమంటూ భారత ముస్లిం నాయకులు ఆగా ఖాన్, అమీర్ అలీ 1923 చివర్లో టర్కీ ప్రధాని ఇస్మెత్‌కు ఉత్తరం రాశారు. అది ఆయన చేతికి అందకముందే ఇస్తాంబుల్ పత్రికల్లో అచ్చయింది. విదేశీయులు మా వ్యవహారంలో తలదూరుస్తున్నారంటూ అంకారా భగ్గుమంది. అచ్చు వేసిన సంపాదకులను ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు.

చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను ప్యాలెస్ నుంచి తెల్లవారకముందే కారెక్కించారు. ఇస్తాంబుల్ స్టేషన్లో జనం గుమిగూడతారని ఊరి బయట చతాల్జా స్టేషన్‌కు తీసుకెళ్లి, యూరప్ వెళ్లే రైలెక్కించారు. ఫ్రాన్స్‌లో ఉన్న ఆయనకు హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌండ్ల భృతి ఇచ్చారు. 1931 నవంబరులో నీస్ నగరంలో నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌తో, రెండో కొడుకు మొఅజ్జం జాకు అదే వంశపు యువరాణి నీలోఫర్‌తో పెళ్లిళ్లు జరిగాయి. హైదరాబాద్‌లో పిల్లలకు జ్వరమొస్తే పరుగెత్తే నీలోఫర్ ఆస్పత్రి పేరు ఆమెదే. అక్కడ రిపబ్లిక్ వెళ్లగొట్టిన వంశం ఇక్కడ ఆస్పత్రి బోర్డు మీద మిగిలింది.

టోపీ, లిపి, ఓటు

సంస్కరణల్లో ఎక్కువగా చెప్పుకునేది టోపీ చట్టం. హైదరాబాద్‌లో రూమీ టోపీ అనేవాళ్లే, ఆ ఎర్ర ఫెజ్‌ను 1925 నవంబరులో నిషేధించారు. నిజానికి ఆ ఫెజ్ కూడా సనాతనమేమీ కాదు. 1829లో సుల్తాను రెండో మహ్మూద్ తలపాగాలు తీయించి, ఆధునికత పేరుతోనే దాన్ని పెట్టించాడు. వందేళ్లలో ఆధునికత పాతబడి మత చిహ్నమైపోయింది. హ్యాట్‌కు వ్యతిరేకంగా చట్టానికి ముందే ఒక చిన్న పుస్తకం రాసిన ఇస్కిలిప్లి ఆతిఫ్ హోజాను 1926 ఫిబ్రవరిలో ఉరితీశారు. కెమలిజాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ పేరు దగ్గర నీళ్లు నములుతారు. ద్వేషించేవాళ్లు ఈ పేరుతోనే మొదలుపెడతారు.

లిపి మార్పు ఇంకా లోతుగా తాకింది. 1928 ఆగస్టు 9 రాత్రి ఇస్తాంబుల్ గుల్హానే పార్కులో ఒక వేడుక జరుగుతుంటే ముస్తఫా కెమాల్ కొత్త లాటిన్ అక్షరాలను ప్రకటించారు. మార్పుకు ఐదేళ్లు కావాలని, అప్పటిదాకా పత్రికల్లో రెండు లిపులూ పక్కపక్కన వేద్దామని నిపుణులు చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. అలాగైతే జనం పాత లిపి కాలమ్ మాత్రమే చదువుతారు, మూడు నెలల్లో జరగాలి, లేదంటే ఎప్పటికీ జరగదు అన్నారు. అన్నట్టే చేశారు. నల్లబల్ల పక్కన సుద్దముక్క పట్టుకుని ఊరూరా ఆయనే పాఠం చెప్పారు. నవంబరు 1న చట్టం, డిసెంబరు 1 నుంచి పత్రికలన్నీ కొత్త లిపిలో, జనవరి 1 నుంచి పుస్తకాలు కూడా. అప్పటికి చదువు వచ్చినవాళ్లు పదిమందిలో ఒకరే కాబట్టి ఎక్కువమందికి పోయిందేమీ లేదు, కొత్తగా నేర్చుకోవడం తేలికైంది. ఇది నిజం. ఆ ఒక్కరి పిల్లలు మాత్రం తాత రాసిన ఉత్తరం, వీధిలోని శిలాశాసనం, సమాధి మీద పేరు చదవలేని స్థితికి వచ్చారు. ఇదీ నిజమే. రెండింటినీ ఒకే చట్టం చేసింది.

ఆడవాళ్ల విషయంలో మార్పు కాగితం మీద ఆగలేదు. 1926 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్ సివిల్ కోడ్‌ను దాదాపు అలాగే తెచ్చుకున్నారు. బహుభార్యత్వం పోయింది, విడాకుల్లో సమాన హక్కు వచ్చింది. 1930లో స్థానిక ఎన్నికల్లో, 1934 డిసెంబరులో జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది. ఫ్రాన్స్ ఆడవాళ్లకు అది 1944లో గానీ దక్కలేదు. అయితే 1923లో నెజిహె ముహిద్దీన్ మహిళల పార్టీ పెడతానంటే అనుమతి ఇవ్వలేదు. 1935లో టర్కీ మహిళా సంఘం, హక్కులు వచ్చేశాయి కాబట్టి ఇక మా పని అయిపోయింది అంటూ తనను తాను రద్దు చేసుకుంది. హక్కు ఇస్తాం కానీ దాన్ని మీరు అడిగి తీసుకున్నట్టు ఉండకూడదు, కెమలిజం తీరు అది.

కార్మికుల విషయంలోనూ అంతే. ప్రజావాదం అంటే దేశంలో వర్గాలే లేవు, అందరూ ఒక్కటే అని. వినడానికి బాగుంది. వర్గాలు లేనప్పుడు సమ్మెలెందుకు అని 1936 కార్మిక చట్టంలో సమ్మెను నిషేధించారు. ప్రభుత్వం మాత్రం సోవియట్ సాయంతో 1935లో కైసేరీలో పెద్ద బట్టల మిల్లు కట్టింది, పంచవర్ష ప్రణాళిక వేసింది. మహా మాంద్యం రోజుల్లో ప్రైవేటు పెట్టుబడి లేని దేశంలో ఇంకో దారి కూడా కనబడలేదు.

ఎవరు తుర్కులు?

జాతీయవాదం దగ్గర లౌకిక రిపబ్లిక్ గుట్టు బయటపడుతుంది. 1923లో గ్రీసు, టర్కీ జనాన్ని మార్చుకున్నాయి. 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు అటు చేరారు. వాళ్లలో చాలామంది యుద్ధంలోనే పారిపోయినవాళ్లు. సుమారు నాలుగు లక్షల మంది ముస్లింలు ఇటు వచ్చారు. ఎవరు గ్రీకు, ఎవరు తుర్కు అన్నది భాషను బట్టి తేల్చలేదు, మతాన్ని బట్టి తేల్చారు. అనటోలియా నడిబొడ్డున తుర్కీ తప్ప మరో భాష రాని కారమాన్లీ క్రైస్తవులు ‘గ్రీకులు’గా వెళ్లిపోయారు. గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లింలు ‘తుర్కులు’గా దిగారు. మతం లెక్కలోకి రాదన్న రిపబ్లిక్ తన పౌరులు ఎవరో మతం చూసే నిర్ణయించుకుంది.

ముస్లింలే అయినా తుర్కులు కానివాళ్ల సంగతేమిటి? కుర్దులకు చెప్పిన జవాబు, మీరూ తుర్కులే అని. భాషకు బడిలో చోటు లేదు, ఊళ్ల పేర్లు మారాయి. అలెవీ (సున్నీలకు భిన్నమైన ముస్లిం శాఖ) కుర్దుల ప్రాంతం దెర్సిమ్‌లో 1937, 38ల్లో సైన్యం వేలమందిని చంపింది. బాంబులు వేసిన విమానాల్లో ఒకటి నడిపింది అతాతుర్క్ పెంపుడు కూతురు, టర్కీ మొదటి మహిళా యుద్ధ పైలట్ సబిహా గోక్చెన్. స్త్రీ విముక్తికి గుర్తుగా పోస్టర్లెక్కిన మనిషి, దెర్సిమ్ వాళ్లకు ఇంకోలా గుర్తుంది. 2010 నుంచి 2023 దాకా అతాతుర్క్ పార్టీని నడిపిన కెమాల్ కిలిచ్‌దారోలు ఆ దెర్సిమ్ అలెవీయే కావడం చరిత్ర చేసిన వింత.

ఓటు పెట్టె తేల్చిన లెక్క

జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని 1930 ఆగస్టులో ముస్తఫా కెమాలే స్నేహితుడు ఫెత్హీ బే చేత ప్రతిపక్ష పార్టీ పెట్టించారు. ఇజ్మీర్‌లో ఆయన సభకు జనం పోటెత్తారు. ఆ జనాన్ని చూసి ఇద్దరూ కంగారుపడ్డారు. నవంబరుకల్లా పార్టీ దుకాణం కట్టేసింది. డిసెంబరు 23న మెనెమెన్‌లో షరియా కావాలంటూ లేచిన గుంపు కుబిలాయ్ అనే యువ అధికారి తల నరికింది. ఇదిగో, వదిలేస్తే ఇలాగే అవుతుంది అన్న వాదనకు ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ తలే సాక్ష్యంగా నిలిచింది.

1950 మే 14న మొదటిసారి నిజమైన పోటీ జరిగినప్పుడు కెమలిస్టు పార్టీ చిత్తుగా ఓడింది. నెల దాటగానే, జూన్ 16న, 1932 నుంచి తుర్కీలో వినిపిస్తున్న అజాన్ మళ్లీ అరబ్బీలోకి వచ్చింది. పదేళ్లకు సైన్యం దిగింది. ప్రధాని అద్నాన్ మెందెరెస్‌ను 1961 సెప్టెంబరులో ఉరితీశారు. 1971, 1980, 1997: ప్రతిసారీ అతాతుర్క్ పేరు చెప్పే సైన్యం జోక్యం చేసుకుంది. సిద్ధాంతం గెలిచేది బ్యారక్‌ల నుంచే అని జనానికి అర్థమైంది. దానికి అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి లేదు.

1980 కుట్ర ఇందులో ప్రత్యేకం. జనరల్ కెనాన్ ఎవ్రెన్ వామపక్షాన్ని అణచడానికి సభల్లో ఖురాన్ వాక్యాలు చదివాడు. ఆయన రాయించిన 1982 రాజ్యాంగంలో ఒక చోట రిపబ్లిక్ లౌకికమని ఉంటుంది, దాన్ని మార్చే ప్రతిపాదన కూడా చెయ్యకూడదని ఉంటుంది. అందులోనే బడుల్లో మత పాఠం తప్పనిసరి అనీ ఉంటుంది. దియానెత్‌కూ అందులో చోటు ఉంది. ఇది కెమలిజానికి ద్రోహమని కొందరంటారు. నాకు అలా అనిపించదు. ప్రభుత్వం ఇచ్చే మతం మంచిది, బయటి మతం ప్రమాదం అనే 1924 నాటి తర్కమే బడిలోకి వచ్చింది.

బయటి మతానికి గుర్తు తలగుడ్డ అయింది. యూనివర్సిటీ గేటు దగ్గర అమ్మాయిలు తలగుడ్డ తీసెయ్యాలి, లేదంటే వెనక్కి తిరగాలి. కొందరు దానిమీద విగ్గు పెట్టుకుని లోపలికి వెళ్లేవారు. 1999 మేలో మెర్వె కవాక్చీ తలగుడ్డతో ప్రమాణ స్వీకారానికి పార్లమెంటుకు వస్తే, ప్రధాని ఎజెవిత్ వేదిక ఎక్కి “ఈ మహిళకు తన హద్దు తెలియజెప్పండి” అన్నారు. ఆమెను ప్రమాణం చెయ్యనివ్వలేదు. అనటోలియా పల్లెల్లో అమ్మలూ అమ్మమ్మలూ తలగుడ్డ కట్టుకునే కోట్ల ఇళ్లలో ఆ మాట ఎలా దిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. మూడేళ్లకు, 2002లో, ఎర్దోగాన్ పార్టీ గెలిచింది.

ఎర్దోగాన్ కెమలిజాన్ని కూల్చాడని సులువుగా అనేస్తారు. కానీ కెమలిజం కట్టిన యంత్రంలో ఆయన ఒక్క మర కూడా విప్పలేదు. మసీదు ప్రసంగాలు ఇప్పటికీ ప్రభుత్వమే పంపుతుంది, ఇమామ్‌లకు ఇప్పటికీ ప్రభుత్వమే జీతం ఇస్తుంది, అలెవీల ప్రార్థనా మందిరాలైన జెమెవీలకు ఇప్పటికీ మసీదుతో సమానమైన హోదా లేదు. దియానెత్ బడ్జెట్ మాత్రం పెరిగి, కొన్ని మంత్రిత్వ శాఖలను దాటింది. మతాన్ని అదుపులో పెట్టడానికి చేసిన పగ్గం, మతాన్ని నడిపించడానికీ పనికొచ్చింది. 2016 జులై 15 రాత్రి ప్రభుత్వాన్ని కూల్చబోయిన సైనిక కుట్రదారులు తమకు పెట్టుకున్న పేరు ‘స్వదేశంలో శాంతి మండలి’. అతాతుర్క్ నినాదంలోని మాటలవి. ఆ రాత్రి దియానెత్ ఆదేశంతో దేశమంతటా మినార్ల నుంచి సలా అనే ప్రార్థనా పిలుపు వినిపించింది, జనం వీధుల్లోకి వచ్చి ట్యాంకులకు అడ్డంపడ్డారు. అతాతుర్క్ పెట్టిన సంస్థ, అతాతుర్క్ మాటలు వాడిన సైనికులకు ఎదురు నిలిచింది.

2022 అక్టోబరులో తలగుడ్డ హక్కుకు చట్టం చేద్దామని ప్రతిపాదించింది ఎర్దోగాన్ కాదు, అతాతుర్క్ పార్టీ నాయకుడు కిలిచ్‌దారోలు. గతంలో మా పార్టీ తప్పులు చేసింది అని ఒప్పుకున్నారు కూడా. 2024 మార్చి స్థానిక ఎన్నికల్లో ఆ పార్టీ 37 శాతానికి పైగా ఓట్లతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. సైన్యం అండ లేని కెమలిజం బలం ఎంతో ఓటు పెట్టెలో అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది ఆగస్టు 30న అంకారా సైనిక అకాడమీలో పట్టాల ప్రదానం అయ్యాక, అధికారిక కార్యక్రమం ముగిశాక, కొందరు యువ లెఫ్టినెంట్లు కత్తులు దూసి “మేం ముస్తఫా కెమాల్ సైనికులం” అని నినదించారు. ఒకప్పుడు అదే పేరు చెప్పి ప్రధానులను దించిన సైన్యం, 2025 జనవరిలో క్రమశిక్షణ కింద వాళ్లలో ఐదుగురిని ఉద్యోగాల నుంచి తీసేసింది.